పద్నాలుగో నంబరు బావి

పోయిన వారం వరూధినిని మనం విశ్వవిద్యాలయం మూడో అంతస్తు వసారాలో, ఎదురెదురుగా ఉన్న రెండు తలుపుల నడుమ నిలబెట్టి వచ్చాము. ఎడమ తలుపు నగర పర్యావరణ విధాన శాఖది. కుడి తలుపు న్యాయశాస్త్ర శాఖది. నాలుగేళ్లలో రెండు పట్టాలూ చేతికిచ్చే జంట చదువులో ఆమెతోపాటు మరో ఇద్దరు చేరారు గాని, ఏడాది తిరిగేసరికి చెరొక తలుపు ఎంచుకుని లోపలికి వెళ్లిపోయారు. వసారా ఆమెకు మిగిలింది. ఎడమవైపువారు ఆమెను లాయరమ్మ అనేవారు, కుడివైపువారు చెరువుల పిల్ల అనేవారు. ఆ మాటలకు ఆమె ఎన్నడూ నొచ్చుకోలేదు. రెండు తరగతుల్లోనూ పక్క కుర్చీ మీద ఎవరిదో ఒక సంచి ఉండేది. ఆమె వచ్చి నిలబడినా ఆ సంచి కదిలేది కాదు. ఆమెకు గుర్తుండిపోయింది అదే.

ఇక ఆమె గీసిన పటం సంగతి. నగరం శివార్లలో అత్తిబెలె దాటాక, రంగుల ఫ్యాక్టరీ వెనక ఉన్న ఊళ్లో ఇరవై రెండు బావుల నీళ్లను ఆమె నిరుడు పరీక్షించింది. ఊరివాళ్లలో సగంమంది ఆ ఫ్యాక్టరీలోనే పని చేస్తారు. ఫిర్యాదుకు ఆధారమైన నీళ్లు ఎవరివో బయటపడితే వాళ్ల నోటి దగ్గర కూడు పోతుంది. అందుకని విధాన శాఖ పద్ధతి ప్రకారం పేర్లు తీసివేసి నంబర్లు పెట్టింది. పటం మీది ప్రతి చుక్కనూ అసలు చోటు నుంచి రెండు వందల మీటర్లు పక్కకు జరిపింది. ఆ శాఖలో అందరూ అలాగే చేస్తారు. తెలియనివారు లేరు గనుక ఎవరూ ఎవరికీ చెప్పరు. అదే పటాన్ని న్యాయ శాఖలోని ఉచిత న్యాయ సహాయ కేంద్రం ఫ్యాక్టరీ మీద వేసిన దావాకు జతచేసింది. పటం యథార్థమని వరూధిని ప్రమాణపత్రం మీద సంతకం చేసింది. చుక్క ఉన్న చోట బావి ఉండదని వేరే చెప్పాలన్న ఊహ కూడా ఆమెకు రాలేదు. న్యాయ శాఖలో చుక్క ఉంటే బావి ఉండి తీరాలి. కోర్టు పంపిన కమిషనర్ పటం పట్టుకుని ఊరికి వెళ్లి, ప్రతి చుక్క దగ్గరా నిలబడి చూసి, ఒక్క బావీ కనబడలేదని రాసి ఇచ్చాడు.

శుక్రవారం వాయిదా. ఇవాళ బుధవారం.

"మాట ఇచ్చి దాచిన పేర్లు బయటపెడితే నీ పరిశోధన చెల్లదు," అన్నారు విధాన శాఖ హరీశ్ సార్. "అసలు చోట్లు చెప్పకపోతే నీది అబద్ధపు ప్రమాణం," అన్నారు దావా నడిపే న్యాయ శాఖ చైత్ర మేడమ్. ఇద్దరూ ఒప్పుకున్న దారి ఒక్కటే. ఇరవై రెండుమందిలో ఒక్కరు తమంతట తాము ముందుకు వచ్చి, తమ పేరూ బావి చోటూ చెప్పడానికి సమ్మతిస్తూ సంతకం చేయాలి. ఒక్క సంతకం వస్తే దావా నిలుస్తుంది, ఆమె రెండు చదువులూ నిలుస్తాయి. రాకపోతే మూడూ పోతాయి; ఊరి నీళ్లు రంగునీళ్లుగానే ఉండిపోతాయి.

నీళ్లన్నిటిలోనూ చెడ్డవి పద్నాలుగో నంబరువి. అవి రామక్క బావివి.

పొద్దున పదకొండింటికి వరూధిని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని తన గది తాళం వేసుకుని బయటపడింది. ఆ గదిలో ముగ్గురుంటారు. మిగతా ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలవాళ్లు. చెవుల్లో తీగలు పెట్టుకుని ఎవరితోనో నవ్వుతూ ఉంటారు, ఆమె వెళ్లేది చూడరు, వచ్చేది చూడరు. అది వాళ్ల తప్పు కాదు. ఒక్క గదిలో మూడు మంచాలు వేసి అద్దెకిచ్చినంత మాత్రాన మనుషులు ఒకరికొకరు ఏమవుతారు?

హొసూరు రోడ్డు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె చైత్ర మేడమ్‌ను తలుచుకుంది. రెండు శాఖల్లో కలిపి "ఊట ఆయ్తా?" అని, అంటే భోంచేశావా అని, ఆమెను అడిగే మనిషి చైత్ర ఒక్కతే. కోలారు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. తన డబ్బా మూతలో సగం చిత్రాన్నం పెట్టి, "తిను, ఆకలి మీద చట్టం బుర్రకెక్కదు," అనేది. ఆగస్టులో తల్లికి కంటి ఆపరేషన్ అయి హిందూపురం వెళ్లవలసి వచ్చినప్పుడు, తాళంచెవుల గుత్తి ఎవరి దగ్గర వదలాలో తోచక వరూధిని వసారాలో అటూ ఇటూ చూసి, చివరికి ఆమె చేతిలోనే పెట్టింది. ఆ నగరంలో తాళంచెవి ఇవ్వదగిన మనిషి ఆమెకు మరొకరు లేరు.

ఆ గుత్తిలో విధాన శాఖ శీతల గది తాళంచెవి కూడా ఉంది. ప్రతి బావి నుంచీ మూడు సీసాల నీళ్లు పట్టారు. రెండు పరీక్షలకు ఖర్చయిపోయాయి. మూడోది, ఎవరైనా కాదంటే చూపడానికి, సీలు వేసి ఆ గదిలో దాచారు. అక్కడి నుంచి సీసా బయటికి రావాలంటే దాని మెడకు చీటీ అంటించి, తీసినవారు తేదీ వేసి సంతకం చేయాలి. పటం పోయినా నీళ్లున్నాయి కదా అని వరూధిని తనకు తాను చెప్పుకుంది.

అత్తిబెలెలో దిగి ఆటో ఎక్కి, ఊరి మొదట్లోనే దిగిపోయి నడిచింది. రామక్క ఇల్లు ఊరి చివర, రేకుల ఇల్లు. గుమ్మం ముందు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా. ఇంటి వెనక బావి గట్టు మీద ముళ్లకంప పరిచి ఉంది.

రామక్క పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. అరవై దాటిన మనిషి. భుజాలు మాత్రం ఇంకా వంగలేదు. కుండను రెండు పాదాల నడుమ బిగబట్టి, తెడ్డును బలంగా తిప్పుతూ, తలెత్తకుండానే అంది.

"వచ్చినావా పాపా. కూచో. ఇప్పుడు చెయ్యి ఆపితే ఉండలు కట్టుకుంటాది."

"చెయ్యి పెద్దమ్మా. నేను కూచుంటా."

వరూధిని గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నగరంలో ఎవరితోనూ మాట్లాడని తన ఇంటి మాట ఈ గుమ్మంలో అడుగు పెట్టగానే నోట్లోకి దానంతటదే వచ్చింది. ఎలా మొదలుపెట్టాలో బస్సులో మూడుసార్లు అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఒక్కటీ గుర్తుకు రావడం లేదు.

రామక్కే మొదలుపెట్టింది. "శివరాత్రికి ముందు వచ్చి నీళ్లు పట్టుకొని పోతివి. మళ్లా శివరాత్రి పాయె. నీళ్లు ఏం చెప్పినాయో చెప్పేదానికి ఒక్కదినం రాకపోతివి. దారి చూసి చూసి బేజారైపోయె."

"నీళ్లు మంచివి కావు పెద్దమ్మా. సీసము ఉండాది, ఇంకా చెడ్డవి ఉండాయి. తాగద్దని ఊరందరికీ కాగితం పంపితిమి కదా."

"కాగితం వచ్చె. ఇంగ్లీషులో వచ్చె." తెడ్డు గట్టిగా తిరిగింది. "తాగద్దని నాకు నా నాలికే చెప్పె. నీళ్లను ఇట్ల ఎవరు చేసిరని అడిగితిని నేను."

ఆ కాగితం తయారుచేసింది వరూధినే. దాన్ని తెలుగులోనో కన్నడంలోనో రాయించాలని ఏ శాఖ నియమాల్లోనూ లేదు. లేదు గనుక రాయించలేదు.

రామక్క కుండ దించి, ముద్దలు చేయడానికి చెయ్యి తడుపుకుంది. క్యాన్ నీళ్లతో తడుపుకుంది.

"పోయిన వారం మూడు కార్లు వచ్చె," అంది. "నీలగిరి తోపులో నిలిచె. ప్యాంట్లు వేసుకున్నోళ్లు, చేతిలో పటం. చెట్ల నడమ వంగి వంగి దేనికో వెతుకుతా ఉండారు. ఏం పారేసుకున్నారప్పా అని నేను పోతిని. బావి చూసేదానికి వచ్చిండామని ఒకాయన చెప్పె. బావి ఈ పక్క సార్, మా ఇంటెనక ఉండాది, రాండి చూపిస్తా అంటిని. ఆయప్ప పటం చూసె, నన్ను చూసె. 'మీ బావి లిస్టులో లేదు అజ్జీ' అనె. పక్కనున్నోడు నవ్వె."

వరూధిని కళ్లు మూసుకుంది. కమిషనర్ నివేదికను ఆమె పదిసార్లు చదివింది. పద్నాలుగో చుక్క దగ్గర నీలగిరి చెట్లు తప్ప ఏమీ లేవని అందులో ఉంది. ఆ చెట్ల పక్కన ఒక ముసలామె నిలబడి, చేయి చాపి తన బావిని చూపించిందని అందులో లేదు.

"చుక్కను పక్కకు జరిపింది నేనే పెద్దమ్మా," అంది.

రామక్క చేతిలో ముద్ద ఆగింది. వరూధిని అంతా చెప్పింది. నంబర్లు, చుక్కలు, రెండు వందల మీటర్లు. దాచడం ఎందుకో చెప్పింది. కోర్టులో ఏమైందో, శుక్రవారం ఏం కాబోతోందో చెప్పింది. తన మీదికి వచ్చేదాన్ని చివర, రెండు మాటల్లో చెప్పింది. రామక్క అంతా విని, ముద్దను కంచంలో పెట్టి, చెయ్యి కడుక్కుంది.

"మా మంచికే జరిపితివా?"

"అవును పెద్దమ్మా. నీ కొడుకు ఓంకార్ ఆ ఫ్యాక్టరీలోనే పని చేస్తా ఉండాడు కదా. వానికి ఏమన్నా అవుతుందని."

"నన్ను అడిగి జరిపితివా?"

"లేదు."

"నా పేరేం దొంగతనం చేసిన పేరా పాపా, దాచిపెట్టేదానికి? నేను, మా ఆయన, ఇద్దరం తవ్వినాం ఆ బావి. కూలి పెట్టలే. పొద్దున ఆయన దిగేది, నేను మన్ను లాగేది. మధ్యాహ్నం నేను దిగేది, ఆయన లాగేది. ముప్పై రెండు అడుగులు. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపాయె, ఇది ఎండలే. ఊళ్లో దీన్ని రామక్క బావి అంటారు. నువ్వొచ్చి పద్నాలుగు అంటివి. సరే, పద్నాలుగు అన్నావు. ఆ పద్నాలుగునైనా నా ఇంటెనక ఉండనియ్యల్ల గదా. తోపులోకి తోస్తివి."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వరూధినికి సులువుగా ఉండేది. పేదవాళ్లకు హాని కలగకుండా చూడాలని రెండు శాఖల్లోనూ నేర్పారు. ఒకచోట దాన్ని నీతి అన్నారు, మరొకచోట రక్షణ అన్నారు. ఆ పేదవాళ్లను కూర్చోబెట్టి, నీకేం కావాలమ్మా అని అడగడం మాత్రం ఏ తరగతిలోనూ పాఠం కాలేదు. ఆమెకూ అడగాలని తోచలేదు. తనను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదని వసారాలో ఒంటరిగా నిలబడి బాధపడిన పిల్ల, ఇరవై రెండుమందిని అదే వసారాలోకి నెట్టింది.

"తప్పు చేస్తిని పెద్దమ్మా," అంది.

"చేస్తివి," అంది రామక్క. "ఆ కాగితం చదువు. అర్థమయ్యేటట్లు చదువు."

వరూధిని సమ్మతిపత్రం తీసి ఒక్కొక్క వాక్యం తెలుగులోకి మార్చి చదివింది. రామక్క రెండుచోట్ల ఆపించింది. తన పేరు ఒక్కటే చాలదని, తనతోపాటు బావి తవ్విన భర్త మునివెంకటప్ప పేరు కూడా రాయమంది. ముప్పై రెండు అడుగులని రాయమంది. వరూధిని రాసింది.

"ఓంకార్‌ను ఒక మాట అడగవా?"

"వాడు వచ్చే పొద్దే. వానికి నేను చెప్తా, అడగను. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకొంటాడు. బావి పోతే ఇంకోటి తవ్వేదానికి మా ఆయన లేడు." ఆమె పెన్ను తీసుకుంది. మహిళా సంఘంలో నేర్చుకున్న సంతకం, మూడు అక్షరాలు. ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి, సరిచూసుకుని, కన్నడంలో తన పేరు రాసింది. రాసినదాన్ని దూరంగా పట్టుకుని చూసుకుంది.

చాలా కాలం తరువాత వరూధినికి ఊపిరి తేలికగా ఆడింది. రామక్క ఆమె ముందుకు కంచం జరిపింది. "తిను. మొహం చూడు ఎట్ల ఉండాదో. ఆ ఊళ్లో నీకు ఎవరూ కూడు పెట్టరా ఏమి?"

ముద్దను పప్పుచారులో అద్ది నోట్లో పెట్టుకోబోతుండగా గుమ్మంలో నీడ పడింది.

ఓంకార్. పాతికేళ్లవాడు, మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చాడు. నీలం చొక్కా జేబు మీద ఫ్యాక్టరీ గుర్తు. వాడు మొదట వరూధినిని, తరువాత తల్లి చేతిలోని కాగితాన్ని చూశాడు.

"సైన్ చేసేస్తివా మా?"

"చేస్తిని."

వాడు కోప్పడలేదు. చెప్పులు విడిచి, వచ్చి, వరూధినికి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "మేడమ్, ఒకటి అడగల్ల. ఆ పొద్దు నువ్వు నీళ్లు పట్టేటప్పుడు సీసా పట్టుకొన్నది నేనే. నువ్వు దాని మీద నంబరు రాస్తివి. ఇది తాళం వేసిన గదిలో ఉంటాది, ఎవరూ చూడరు అంటివి. అంటివా లేదా?"

"అంటిని."

వాడు తన టిఫిన్ సంచిలో చెయ్యి పెట్టి, పాత బనీనులో చుట్టిన వస్తువు తీసి నేల మీద పెట్టి విప్పాడు. అర లీటరు సీసా. అడుగున ఎర్రటి మడ్డి. పక్కన, చెరగని నల్ల సిరాతో, వరూధిని రాసిన పద్నాలుగు.

"సోమవారం మేనేజర్ మా ఊరోళ్లను నలుగురిని పిలిచె. ఇది టేబుల్ మీద ఉండాది. ఈ నీళ్లు ఎవరింటివిరా అని అడిగె. తెలీదు సార్ అంటిని. నలుగురమూ తెలీదనే అంటిమి. కడాకు దీన్ని పారబోసి రా పో అని నా చేతికే ఇచ్చె. నేను పారబోయలే." వాడు సీసాను రెండు వేళ్లతో తిప్పాడు. మెడకు తెల్ల చీటీ అంటించి ఉంది. "దీని మీద ఏదో సంతకం ఉండాది. ఎవరిది?"

వరూధిని వంగి చూసింది. బయటికి తీసినవారు: వరూధిని. కింద ఆమె సంతకం, ఎవరో దిద్దినది కాదు, ఆమెదే.

ఆమెకు అప్పుడు గుర్తుకొచ్చింది. శీతల గది అటెండరు ముందే చీటీ మీద సంతకం చేయాలి, అతను పది గంటలకు గాని రాడు. ప్రతిసారీ అతని కోసం ఆగడమెందుకని, ఏడాది మొదట్లోనే విద్యార్థులంతా ఒక కట్ట ఖాళీ చీటీల మీద సంతకాలు చేసి సొరుగులో పెట్టేస్తారు. ఆమె ఇరవై చీటీల మీద చేసింది. ఖాళీ కాగితం మీద ఎన్నడూ సంతకం చేయకూడదని అదే వారం వసారాకు కుడివైపున పాఠం చెప్పారు. ఎడమవైపు పనికి ఆ పాఠం వర్తిస్తుందని ఆమె అనుకోలేదు.

"సంతకం నాదే," అంది.

ఓంకార్ తల్లివైపు చూశాడు. "వింటివా మా?"

"తేదీ నేను వేయలేదు," అంది వరూధిని. "ఆగస్టు పదిహేడు. ఆ పొద్దు నేను హిందూపురం ఆస్పత్రిలో, మా అమ్మ దగ్గర ఉండాను."

"మరి ఎవరు వేసిరి?"

ఆమె ఆ తేదీని మళ్లీ చూసింది. ఏడు అంకెకు నడుమ చిన్న అడ్డగీత. నెల కింద రెండు గీతలు. దావా కాగితాల ప్రతి పేజీ అంచునా, తన వ్యాసాలు దిద్దిన ప్రతిచోటా, రెండేళ్లుగా ఆమె చూస్తున్న చెయ్యి అది. డబ్బా మూతలో సగం చిత్రాన్నం పెట్టిన చెయ్యి. శుక్రవారం కోర్టులో ఈ ఊరి తరఫున లేచి నిలబడవలసిన మనిషి చెయ్యి.

పొరపాటు అయి ఉండవచ్చు. న్యాయంగా అవతలి పక్షానికి ఒక నమూనా చూపవలసి వచ్చి ఇచ్చి ఉండవచ్చు. మరి తన పేరుతో ఎందుకు? తనకు చెప్పకుండా ఎందుకు? ఆ పేరు ఇక్కడ పలికితే దావా ఎవరి చేతిలో ఉన్నట్టు? పలికాక ఆ నగరంలో తనను భోంచేశావా అని అడిగేది ఎవరు?

"తెలీదు," అంది వరూధిని.

ఆ మాట నోటి నుంచి వచ్చాక గాని అది ఎలాంటి మాటో ఆమెకు తెలియలేదు. సోమవారం నాడు మేనేజర్ ముందు ఓంకార్ అన్నదీ ఆ మాటే. వాడు తల్లిని కాపాడడానికి అన్నాడు.

రామక్క లేచింది. సంతకం పెట్టిన కాగితం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. చింపలేదు. నాలుగు మడతలు పెట్టి, చీర కుచ్చెళ్ల పక్కన నడుముకు దోపుకుంది.

"నీకు తెలుసు పాపా," అంది నెమ్మదిగా. "నీ మొహంలో ఉండాది. ఆ మనిషిని కూడా పక్కకు జరుపుతా ఉండావు, మా చుక్కలను జరిపినట్టు."

వరూధిని ముందు కంచంలో సంగటి ఆరిపోతోంది.

"శుక్రవారం పొద్దున దాకా నేను ఇంట్లోనే ఉంటా. ఆ పేరు నా ముందర చెప్పు. చెప్పిన గడియకు నా పేరు తీసుకొని పో. అంతదాకా నా పేరు నా దగ్గరే ఉంటాది."